ఎలుగులకొండ బూడిదబాట

ఫాల్గునము కడచి చైత్రము చొచ్చిన తోడనే ప్రచండ మార్తాండ కిరణ సంతప్తములై యాకులన్నియు రాల్చి నిలిచిన మహావృక్షములతోడను కాలు మోపినంతనే పటపట విఱుగు బోదగడ్డితోడను జలకణమైన లేక నోళ్లు తెఱచుకొని పడియున్న సెలయేటిగుంటలతోడను నిండి ఎలుగులకొండ యను పర్వతము అగ్నిదేవునికి విస్తరి పఱచి పిలుచుచున్నట్లుండెను. మధ్యాహ్నవేళ నాకొండమీద పక్షికూత వినరాదు. మృగసంచారము కానరాదు. ఎండకు పగులు అడ్డతీగకాయల చిటచిటయు పడమటిగాలి విసరుటయు దక్క నన్యశబ్దము లేదు. అట్టి కాలమున నట్టి కొండపై నిప్పుపెట్టువాడు మూర్ఖుడైనను కావలెను, గర్వాంధుడైనను కావలెను. మన కథలోని పెద్దమనిషి రెండును.

అతని పేరు కదిరప్ప. కొండపాదమున నున్న మొగిలిపెంట యను పల్లెలో బాటకాపు వృత్తి తాతలనాటినుండియు నతని వంశమునకే చెల్లుచుండెను. శిఖరమందలి గుహలో వెలసిన గవినరసింహస్వామిని సేవించుటకై వైశాఖమున జరుగు తిరునాళ్లకు చుట్టుపట్టుల జనులెల్లరు కాలినడకనే కొండ యెక్కుదురు. ఆ నడకదారికి అడ్డువచ్చిన కంపలు నఱకుటయు జాఱినచోట మొద్దులును రాళ్లును పేర్చి కట్టు నిలుపుటయు నిరుప్రక్కల గడ్డి కోయుటయు మలుపుమలుపున రాళ్లకుప్ప వేసి గుఱుతు చూపుటయు బాటకాపు పని. అందులకు బదులుగా తిరునాళ్లనాడు స్వామిసన్నిధిని తొలి తలపాగా అతనికి చుట్టుదురు. అది యెఱ్ఱని నూలుగుడ్డ, అంతకు మించి యేమియు లేదు. ఆ గుడ్డకొఱకు కదిరప్ప తన ప్రాణమిచ్చును. ఇతరుల ప్రాణమైనచో మఱింత సులభముగా నిచ్చును.

అతని కొక్కడే కొడుకు, ఓబుళయ్య. బండరాయి నవలీలగ నెత్తగల దేహమును చీమనైన త్రొక్కజాలని మనసును గల యువకుడు. ఆ యేటి తిరునాళ్లలో తలపాగాను బాటకాపు చేతికఱ్ఱను కొడుకునకు అప్పగింపవలెనని కదిరప్ప కోరిక. కావున వాని చిననాటినుండియు కొండవెంట త్రిప్పుచు తన వంశమువారి మూలసూత్రమును దినమున కొకసారియైన వాని చెవి కెక్కించుచుండెను.

"ఒరే ఓబుళా, కన్ను మోసం చేస్తాది, కుప్ప చెయ్యదు. మంచు కమ్మినా, నీ బుద్ధి ఇంకోతట్టు పొమ్మన్నా, కుప్ప సూపిన తట్టే అడుగెయ్యి. కుప్పను కాదన్నోడు బాటకాపు కాడు."

దారిప్రక్క గడ్డిని మంచు కురియు మార్గశిరమున కొంచెము కొంచెముగా కాల్చుటయు ఆ కాలము దాటినచో కొడవలితో కోయుటయు పూర్వుల పద్ధతి. ఆ యేడు కదిరప్ప మోకాళ్లనొప్పులతో మంచమెక్కి మార్గశిరమును మంచముమీదనే గడపెను. తిరునాళ్లు దగ్గఱపడెను. కోయింపవలెనన్న ఊరివారిని బతిమాలుకొనవలయును. బతిమాలుట యతని యింటివంట కాదు. కావున నొకనాటి మధ్యాహ్నము కొడుకును వెంటగొని పడమటి వాలునకు పోయి కాగడా వెలిగింపుమనెను.

"నాయనా, పడమటిగాలి లేస్తాండాది. ఈపొద్దు వద్దు. నేనే కొడవలి పట్టి కోస్తా, ఆలస్యమైతే కానీ" అని ఓబుళయ్య వేడుకొనెను.

"నువ్వు పుట్టకముందునుంచీ ఈ కొండకు నిప్పు పెడతాండా. గుడ్డు వచ్చి పిల్లను వెక్కిరిచ్చినట్టు నాకు నేర్పొచ్చినావా? ముయ్ నోరు. పట్టుకో కాగడా."

ఓబుళయ్య పట్టుకొనెను.

తరువాత జరిగినది చెప్పుటకు జాలి యక్కఱలేదు, ఏలయన నగ్నికిని జాలి లేదు. మూరెడెత్తు లేచిన మంట గాలి తగిలినంతనే తాటిచెట్టెత్తు లేచెను. గడ్డినుండి పొదకును పొదనుండి కొమ్మకును కొమ్మనుండి గాలికిని ప్రాకి చూచుచుండగనే వాలంతయు నెక్కి శిఖరము దాటి ఆవలితట్టు దిగెను. పాఱలేని కుందేటిపిల్లలు పుట్టలవద్దనే మాడెను. గూళ్లపై తిరుగుచు తల్లిపక్షులు పొగలో పడెను. పల్లెవారు పచ్చికొమ్మలతో కొట్టి కొట్టి చేతులు బొబ్బలెక్కి వెనుకకు తగ్గిరి. కొండ దినములతరబడి కాలి, కాలుట కింకేమియు మిగులనందున తానే ఆఱెను.

ఆ దినముననే ఈరమ్మ యను స్త్రీ తూర్పుతట్టున నున్న తేనెబండ వద్ద తుట్టెలకు పొగపెట్టి తేనె తీయుచుండెను. మగడు తేనెత్రాడు తెగి పడి చనిపోయిన పిమ్మట ఆ త్రాడునే ముడివేసికొని బ్రతుకు వెళ్లదీయుచున్న యొంటరిది. ముందు పిల్లలు లేరు, వెనుక పుట్టిల్లు లేదు. నిందకు తగిన మనిషిని లోకము వెదకునప్పుడు ముందుగా చూచునది యిదియే గదా. మసిపట్టిన చీరతో చేత తేనెటీగలకు పట్టు పొగచుట్టతో నామె కొండ దిగివచ్చుట పదుగురు చూచిరి. తాడిచెట్టు క్రింద కూర్చుండి పాలు త్రాగినను కల్లే యనువారికి ఈ పాటి సాక్ష్యము చాలదా?

మొగిలిపెంటలో నొక యాచారము కలదు. కొండబాట కాలినయెడల నిప్పుపెట్టిరని యెవరిమీద మాటపడునో వారు తడిబట్టతో వట్టికాళ్లతో నీళ్లకుండ నెత్తిన బెట్టుకొని ఆ బాటవెంట నొంటరిగ నెక్కి స్వామిగుహ ముందఱ ఆ నీరు పోసి తీర్థముతో తిరిగి రావలెను. దీనికి చల్లడుగు అని పేరు. తిరిగి వచ్చినవారు నిర్దోషులు. అంతియ కాదు, తమ యెఱుకలో దోషి యెవరో ఊరిముందఱ పేరుపెట్టి చెప్పు హక్కు వారికి వచ్చును. పేరు పడినవారు అదే బాట నడువవలెను. మాటపడియు చల్లడుగు వేయనివారి నోట వచ్చిన మాట మాత్రము మాట కాదు, ఆరోపణకు బదులైనను అది చెల్లదు. ఎంత న్యాయమైన యాచారమో చదువరులే యూహింపుడు.

ఊరిపెద్ద సాంబిరెడ్డి రచ్చబండపై కూర్చుండి సంగతి విచారించెను. అందఱికంటె ముందు లేచి ఈరమ్మను వ్రేలెత్తి చూపినవాడు కదిరప్పయే. ఓబుళయ్య నోరు తెఱవబోయెను. తండ్రి వాని మణికట్టు పట్టి ఎముకలు కలుక్కుమనునట్లు నొక్కెను. వాడు తలవంచుకొనెను.

"నేను పొగబెట్టింది తూర్పుతట్టు. మంట లేచింది పడమట" అని ఈరమ్మ గట్టిగా పలికెను. "పడమటిగాలికి నా పొగ ఎదురునడిచి పొయ్యిందా రెడ్డీ? మీకు గాలి ఎటు కొడతాదో గూడా తెలీదా?"

"నిప్పు లేనిదే పొగ రాదులేమ్మీ" అని కదిరప్ప నవ్వెను. గుంపును నవ్వెను.

ఈరమ్మ నవ్వలేదు. "సరే, నడుస్తా. తిరిగొచ్చినాక పేరు చెప్పే హక్కు నాదే గదా, అది మాత్రం మరవొద్దండి" అని చెప్పి కదిరప్పను నిలువునా చూచెను. "తేనెబండ మీద కూచుంటే పడమటి వాలు కూడా రోంత కనపడతాది మామా."

గుమ్మడికాయల దొంగ యెవడన్న భుజములు తడుముకొనువాని సామెత ఆ దినము కదిరప్పవలన మఱల క్రొత్తదయ్యెను. ఆమె తిరిగి వచ్చినచో నేమగును? వంశవృత్తి పోవును. తలపాగా పోవును. కొడుకు చేతికి కఱ్ఱకు బదులు కుండ వచ్చును. ఆమె తిరిగి రాకపోయినచో మాత్రము ఏమియు పోదు, ఒక యొంటరిది తప్ప. కదిరప్ప లెక్క అంతటితో తేలిపోయెను.

బాట చూచివత్తునని చెప్పి మఱునాడు అతడొక్కడే కొండ యెక్కెను. కాలిన కొండమీద బాట కనిపెట్టుట యెంతటివానికిని దుర్ఘటము. గడ్డి పొద లున్నప్పుడు వానినడుమ బోసిగ నున్నది బాట. గడ్డి పొదలే లేనప్పుడు కొండయంతయు బోసియే గాన వానగండియు బాటవలెనే యుండును, పందిజాడయు బాటవలెనే యుండును. కట్టుగ పేర్చిన మొద్దులు కాలి పైరాళ్లు జాఱి పడెను. నేలలోని వేళ్లు లోలోపల కాలి బొక్కలు పడి పైన పలుచని మన్నుపొర మాత్రము మిగులుటచే కాలుమోపినచోట మోకాలు దిగబడుచుండెను. నిలువున కాలిన మ్రాకులు గాలిలేకయే కూలుచుండెను. ఇక గుఱుతులుగ మిగిలినవి రాళ్లకుప్పలు మాత్రమే. రాయి కాలదు గదా.

కొండ నడుమ దున్నబండ యను పెద్దఱాతికడ అసలుబాట యెడమకు తిరిగి బండక్రిందుగ పోవును. ఎదుటితట్టున నెన్నడో కూలిన మహామద్దిచెట్టొకటి వాలు వెంబడి లోయయంచువఱకు సాగి పడియుండెడిది. అగ్ని దానిని నిదానముగ తినెను. బెరడు మొదలు చేవవఱకు కాలి ఆ చెట్టున్నచోట దాని పొడవున దాని వెడల్పున తెల్లని బూడిదచాఱ యొకటి మిగిలెను. నల్లని కొండపై నది తిన్నగ సున్నము చల్లిన రాజబాటవలె నుండెను. దాని చివరను లోయయంచున మన్నును పట్టి నిలిపిన వేళ్లన్నియు కాలిపోవుటచే పైకి గట్టినేలగ తోచుచున్నను లోపల గుల్ల. కదిరప్ప కఱ్ఱతో తట్టి చూచి ఆ సంగతి తెలిసికొనెను. పిదప యెడమమలుపుననున్న కుప్పను రాయి రాయి నెత్తి తెచ్చి తెల్లనిచాఱ మొదట పేర్చెను. చాఱ నడుమ మఱియొక చిన్నకుప్ప నిలిపెను. చేతులు దులుపుకొని యింటికి వచ్చి రాగిసంకటి కడుపార తిని హాయిగ నిద్రించెను. మోకాళ్లనొప్పి యానాడు బాధింపలేదు.

తెల్లవాఱినతోడనే ఈరమ్మ తడిచీరతో కుండ నెత్తికెత్తుకొని బయలుదేఱెను. ఊరంతయు చూడవచ్చెను. కదిరప్ప బాటమొదట నిలుచుండి తేనెలొలుకు గొంతుతో "పాత దారి కానరాదమ్మీ. కుప్పలు చూసుకుంటా పో. కుప్ప తప్పితే నా పూచీ లేదు" అని చెప్పెను. ఎంత దయగలవాడని యాడువారు మెచ్చుకొనిరి.

ఓబుళయ్య మాత్రము అచటికి రాలేదు. తాను కాగడా పట్టిన చేతిని చూచుకొనుచు పెరటిలో కూర్చుండెను. బూడిదక్రింద నిప్పింకను కలదనియు వట్టికాళ్లవారి పాదములు బొబ్బలెక్కుననియు వానికి తెలియును. తుదకు లేచి తన చెప్పులు విప్పి సంకన బెట్టుకొని సొరకాయబుఱ్ఱనిండ మజ్జిగ పోసికొని దొడ్డిదారిని కొండవైపు నడచెను. ఆమెకు చెప్పు లిచ్చుట, గుహముందఱ ఆమెతోపాటు నిలిచి నిప్పుపెట్టినది తామేయని స్వామియెదుట పలుకుట, పిదప ఊరియెదుటను పలుకుట వాని సంకల్పము. తలపాగా పోయిన పోనిమ్మని నిశ్చయించుకొన్న పిమ్మట వానికి మనసు తేలికపడెను. ఆ సంగతి తండ్రికి చెప్పలేదు. చెప్పియుండిన తండ్రి వాని కాళ్లపై పడియైనను ఆపియుండును.

ఈరమ్మ దున్నబండను చేరి నిలిచెను. ఎదుట కుప్ప కనబడెను, తెల్లనిబాటయు కనబడెను. కాని కొండమీద తాను దాటివచ్చిన రాళ్లన్నియు పైముఖమున మసి, అడుగుముఖమున తెలుపు. ఈ కుప్పలోని రాళ్లు కొన్నిటికి తెలుపు పైకి వచ్చియుండెను. అగ్ని యట్లు పేర్చదు. పేర్చినది చేయి. ఎవరి చేయియో ఆమెకు వేఱుగ నెవరును చెప్పనక్కఱలేదు.

"ఓరి నీ కడుపు మాడ! చంపేదానికి గూడా రాళ్లు మోసినావా ముసలోడా!" అని యామె పండ్లు కొఱికెను. కుండ దింపి పైరాతిమీద చేయి వేసెను. కుప్పను మఱల యెడమకు మార్చుట యామెకు గడియపని. కాని తేనెత్రాడు తెగి మగడు పడిననాటినుండి ఊరు తన్నాడిన మాటలన్నియు నొక్కసారిగ గొంతుకు వచ్చెను. చేయి తీసివేసెను. "పేర్చినోడే వచ్చి తీసుకోనీ" అని కుండ నెత్తికెత్తుకొని ఊరందఱిదొక దారి యులిపికట్టెదొక దారి యన్నట్లు బండక్రింది రాతిబాటవెంట యెడమకు తిరిగి పోయెను. ఆ రాయి తీసియుండిన ఈ కథ యుండదు.

ఎండ నడినెత్తికి వచ్చుసరికి ఓబుళయ్య దున్నబండను చేరెను. వాని పాదములు యెడమకు తిరుగబోయెను, ఏలయన బాల్యమునుండి యవి తిరిగినది యెడమకే. కన్నును యెడమకే పొమ్మనెను. కాని కుప్ప యెదుట నుండెను. ఈరమ్మ అడుగుజాడ యెటును కానరాకుండుట గాలి చెఱిపినందుననే యనుకొనెను. వాడు చాలసేపు నిలిచి చూచెను. అసలుమలుపు కూలిపోయి యుండును, నాయన నిన్న వచ్చి చూచి కుప్ప మార్చియుండును, లేకున్న కుప్ప తనంతట నడచునా యని తలపోసెను. కన్ను మోసము చేయును, కుప్ప చేయదు. బాటకాపు కొడుకు గనుక, తండ్రిమాట నమ్మిన కొడుకు గనుక, వాడు తెల్లనిబాటపై నడచెను. బూడిద మెత్తగ నుండెను. నడుమ చిన్నకుప్ప కనబడగా నున్న రవంత సంశయమును తీఱెను. అంచుచేరినంతనే నేల దిగబడెను. ఓబుళయ్య "నాయనా!" యని యఱచెను. ఆ కేక విన్నవారెవరును లేరు.

ప్రొద్దు వాలువేళ ఈరమ్మ తీర్థముతో దిగివచ్చి బూడిదలో అడుగుజాడలు చూచెను. పోయినవే కాని వచ్చినవి లేవు. ప్రాకుచు అంచువఱకు పోయి యచట చిక్కిన చెప్పొకటి చేతికి తీసికొని క్రిందికి తొంగి చూచి ఓబుళయ్య పడియుండుట కని పిలిచెను. గొంతు పగులువఱకు పిలిచెను. బదులు రాకుండుటచే ఆ బూడిదలోనే చదికిలబడి నోరు కొట్టుకొని యేడ్చెను. "అయ్యో అబ్బోడా, నువ్వొస్తావని నాకేం తెలుసురా! ఆ ఒక్క రాయి తీసుంటే అయిపోయ్యుండునే!" పిదప లేచి కుప్పలోని రాళ్లన్నియు మోసి యెడమమలుపున మఱల పేర్చెను. ఇప్పుడు పేర్చి యేమి ప్రయోజనమని చదువరు లడుగుదురు. ఆమెయు నదే యనుకొనుచు పేర్చెను.

రచ్చబండకడ జనము కూడియుండిరి. చీకటిపడకముందు రానిచో దోషి యని తేల్చుటకు సాంబిరెడ్డి సిద్ధముగ నుండెను. కదిరప్ప మీసము దువ్వుకొనుచు కొండవైపు చూచి "పాపం, సామికి ఒప్పలేదేమో" అని యప్పుడే జాలిమాటలు సవరించుకొనుచుండెను. ఇంతలో ఈరమ్మ నల్లని కాళ్లతో తెల్లని చేతులతో దిగివచ్చి నిలిచెను. గుంపు కలకలము చెందెను.

"నీమీద మాట పోయింది ఈరమ్మా. ఇంక హక్కు నీది. పేరు చెప్పు" అనెను సాంబిరెడ్డి.

ఆమె కొంగునుండి చెప్పు తీసి కదిరప్ప కాళ్లకడ పెట్టెను. మడమకడ తెగినచోట తోలుదారముతో వంకరగ కుట్టిన కుట్టు కలదు. ఆ కుట్టు వేసినది కదిరప్ప చేయియే.

"ఇది ఎవురిదో చెప్పు మామా."

కదిరప్ప వంగి చెప్పును చేతికి తీసికొని ఆ కుట్టును వ్రేలితో తడవెను.

"దున్నబండకాడ కుప్ప జరిగిండాది. జరిపినోడెవురో నేను కండ్లతో చూడలే. రాళ్లు తిరగబడిండేది మాత్రం చూసినా. చూసి, సరిచెయ్యకుండా పొయినా. ఆ పాపం నాది, నేను మోస్తా. నీ కొడుకు కుప్పను నమ్మి పొయినాడు. పిలిచి పిలిచి వచ్చినా, పలకలే." ఆమె సాంబిరెడ్డివైపు తిరిగెను. "పేరు చెప్పమన్నారు గదా రెడ్డీ, చెప్తాండా. కదిరప్ప. పో మామా, బాట నడువు. కుప్పలు చూసుకుంటా పో. కుప్ప తప్పితే నా పూచీ లేదు."

కదిరప్ప చల్లడుగు వేయుటకు నీళ్లకుండ తేలేదు, తడిబట్ట కట్టలేదు. కొడుకు పేరు కేకలు వేయుచు కొండవైపు పరువెత్తెను. మోకాళ్లనొప్పులవాడు పడుచు లేచుచు పోవుచుండగా ఊరివారు వెంటబడిరి. లోయలోనుండి శవమును వారే త్రాళ్లతో తీసిరి. ఆ త్రాళ్లు ఈరమ్మ యిచ్చినవే.

ఇంతటితో నైనను దైవము వానిని విడిచెనా? లేదు. కొడుకు పోయిన బాటపై తండ్రి వట్టికాళ్లతో పోయి వచ్చెను గాన చల్లడుగు తీఱినట్లే యనియు, నిప్పు చేసిన తప్పునకు నెత్తురు చెల్లెను గాన నిక నేమియు విచారింపనక్కఱలేదనియు పెద్దలు తీర్మానించిరి. తిరునాళ్లు నిలిపినయెడల స్వామికి కోపము వచ్చునని వారి భయము. వైశాఖమున యథాప్రకారము మేళతాళములతో జనులు బూడిద త్రొక్కుచు కొండ యెక్కిరి. స్వామిసన్నిధిని యెఱ్ఱని తలపాగా మఱల కదిరప్ప తలకే చుట్టిరి. వలదని చేతులెత్తెను. వినయమనుకొని మఱియొక చుట్టు చుట్టిరి.

ఆషాఢపు తొలివానలకు కొండ నల్లనీరు కక్కెను. పట్టు తప్పిన మన్ను కొట్టుకొనివచ్చి బాట నాలుగుచోట్ల తెగెను. తరువాత బోదగడ్డి ముందుగ మొలచెను. మాడిన మోదుగుమోళ్లు వేళ్లనుండి యెఱ్ఱని చిగుళ్లు తొడిగెను. తేనెటీగలు తేనెబండకు తిరిగి వచ్చెను. ఈరమ్మయు తిరిగి వచ్చెను, కాని యెవరితోను మాటలాడుట మానెను. పోను పోను చెట్లు నీడలిచ్చెను. కట్టులు నిలిచెను. క్రొత్తగ వచ్చినవారికి ఈ కొండ యెప్పుడైన కాలినదని చెప్పిన నమ్మరైరి.

మద్దిచెట్టు కాలినచోట మాత్రము గడ్డిపోచయైన మొలవలేదు. అగ్ని యచట చాలకాలము నిలిచి మన్నును ఇటుకవలె కాల్చెను. గాలి తెచ్చిన విత్తులను వాన కడిగికొనిపోవును. పచ్చనికొండ నడుమ ఆ తెల్లనిచాఱ తిన్నగ లోయయంచునకు పోవుచు మొగిలిపెంటలోని ప్రతి వాకిటికిని కనబడును. కదిరప్ప వాకిటికి మఱి బాగుగ కనబడును.

ఇప్పటికిని తిరునాళ్లనాడు వెన్ను వంగిన బాటకాపు యెఱ్ఱతలపాగాతో దున్నబండకడ నిలుచుండి వచ్చిన ప్రతి పడుచువాని మణికట్టును గట్టిగ పట్టుకొనును.

"అది బాట కాదు నాయనా. అటు పోవద్దు. ఎడమకు తిరుగు."

"తెలుసులే తాతా, కుప్ప ఉండాది గదా ఈడ" అని వారు నవ్వుదురు.

"కుప్పను నమ్మొద్దు" అని యతడు బ్రతిమాలును. "నీ కన్నును నమ్ముకో నాయనా. కుప్పను నమ్మొద్దు."

కుప్పను కాదన్నవాడు బాటకాపు కాడని యా వంశమున పెద్దమాట. పిచ్చితాత యని చేయి విడిపించుకొని వారు కుప్ప చూపినతట్టే యెడమకు తిరిగి పోవుదురు.